పారే వాగు, కట్టిన మడుగు

పోయిన వారం మనం ఊటవాగు గుంపు అనే గూడెం పెద్దమనిషి పగిడయ్యను ఇప్పచెట్టు కింద, నలుగురి నడుమ, నోట్లో చుట్టతో కూర్చోబెట్టి వచ్చాం. పాపం, ఆ చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. వెలిగించుకునే ధ్యాస కూడా ఆయనకు లేదు. చెప్పాల్సిన తీర్పు నాలిక మీదికి రాదు. రాలేదు కదా అని పొద్దు ఆగదు.

వారం రోజుల్లో మరిచినవాళ్లుంటే సంగతి ఇదీ. పగిడయ్య తమ్ముడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పాము కరిచి పోయాడు. వాడి భార్య కళావతి, పదేళ్ల కూతురు వనజ, చిన్నవాడైన పోతయ్య పంచనే బతుకుతున్నారు. ఈ ఎండాకాలం మొదట్లో వనజ కారేపల్లి సంతకు పోయొచ్చింది. వచ్చిన రెండు వారాలకు పిల్లకు అమ్మవారు పోసింది. ఒళ్లంతా ఎర్రగా తట్టు పొంగి, రెండ్రోజులు జ్వరం కాసింది. నాలుగోనాడు లేచి అంబలి అడిగింది. ఆరోనాడు బుట్ట పట్టుకుని ఇప్పపువ్వు ఏరను పోయింది. చల్లని తల్లి, చూసిపోను వచ్చిందని గుంపంతా దండం పెట్టుకుంది.

పన్నెండోనాటికి పోతయ్య పిల్లలు ముగ్గురికీ ఒకేసారి పోసింది. ఈసారి తల్లి చూసిపోను రాలేదు. కాపురానికే వచ్చింది. పెద్ద పిల్లలిద్దరికీ కళ్లు పుసిగట్టి, నోరంతా పూసి, మంచినీళ్లు కూడా దిగడం లేదు. రెండేళ్ల బాలకృష్ణకైతే ఊపిరి ఎగబోసింది. వాణ్ని మంచం మీద మోసుకుని రోడ్డెక్కించి, 108 బండిలో భద్రాచలం తీసుకుపోయారు. ఇప్పుడు వాడు దవాఖానాలో ముక్కుకు గొట్టంతో ఉన్నాడు, తల్లి పక్కన కూర్చుని గొట్టం వంక చూస్తూ ఉంది.

పోతయ్య ఒక్కడే తిరిగొచ్చి పంచాయితీ పెట్టించాడు. వాడు అడిగేది ఒకటే. పొద్దుగూకేలోగా కళావతి బిడ్డను తీసుకుని గుంపు విడిచి పోవాలి.

"లెక్క సక్కగనే ఉన్నది పెద్దనాయినా," అన్నాడు పోతయ్య. మూడు రాత్రుళ్లు నిద్ర లేని గొంతు, గరగరమంటున్నది. "ఒక్క ఇల్లు. ఒక్క కుండ అంబలి. వాళ్ల పిల్లకు అమ్మ ఇట్లొచ్చి అట్ల పోయింది. నా పిల్లల మీద బండరాయి లెక్క కూసున్నది. ఆ పిల్ల మోయాల్సిన బరువు యాడికి పోయింది మరి? గాలికి పోయిందా? తల్లి తీసింది, నా పిల్లల నెత్తిన దించింది."

పగిడయ్యకు తిక్కపుట్టేది అక్కడే. ఈ మాట తప్పని మనసు అంటుంది. తప్పెక్కడుందో బుర్ర చూపించదు. డెబ్బై ఏళ్లుగా కావడి మోసిన భుజం ఆయనది. ఒక బుట్ట తేలికై రెండో బుట్ట దిగబడిందంటే సరుకు అటుదిటు పడ్డట్టే. ఇందులో కాదనడానికి ఏముంది?

కళావతి చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని ఉంది. అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పింది.

"నాకు బరువులు మార్చే విద్దె ఉంటే, నీ అన్న నురగలు కక్కిననాడే మార్చకపోదునా పోతయ్యా? నా మీదనే ఏసుకుందును గద."

పోతయ్య నేల చూపులు చూశాడు. అయినా వాడి కోపం తగ్గలేదు. కొడుకు ముక్కుకు గొట్టం ఉన్నంతసేపు తగ్గే కోపం కాదది.

అంతలో సర్కారు నర్సు సీతారావమ్మ ముందుకొచ్చింది, గుంపుకు ఆమె నర్సమ్మ. సత్తుపల్లి అవతలి మనిషి. పిల్లల నోట్లో విటమిన్ చుక్కలు పోయడానికి పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి వచ్చింది, వచ్చి ఈ పంచాయితీలో చిక్కుకుంది.

"నన్నొక మాట చెప్పనివ్వండి తాతా. డాక్టరుగారు మొన్న మీటింగులో చెప్పారు. వనజకూ పోతయ్య పిల్లలకూ వచ్చింది ఒకే జబ్బు, ఒకే వైరస్సు. కాకపోతే ఎంత లోడు పడిందనేది..."

"లోడా?" అన్నాడు పగిడయ్య. ఎంత బాధలో ఉన్నా ఆ నోరు ఊరుకోదు. "వెదురు లోడా నర్సమ్మా, బొగ్గు లోడా? ఇల్లందు లారీలేమన్న వచ్చినయా మా గుంపుకు?"

నలుగురు నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది, పాపం, అలవాటైపోయింది.

"లారీ లోడు కాదులే. కంటికి కనపడని పురుగులనుకోండి. మొదట ఒంట్లోకి ఎన్ని దూరాయన్నది ఒక లెక్క. పదో పరకో దూరితే ఒళ్లు మేలుకుని కాచుకోడానికి వ్యవధి ఉంటుంది. వేలకు వేలు ఒక్కసారే దూరాయనుకోండి, ఒళ్లు మేలుకునే లోపలే అవి ఇల్లంతా సర్దుకుని కూర్చుంటాయి. అదొక్కటేనని నేననను. తిండి, వయసు, టీకా, ఇవన్నీ ఉంటాయి. కానీ అది కూడా ఒకటి."

"అంటే వనజకు పదో పరకో పడ్డయి. పోతయ్య పిల్లలకు గంపలకు గంపలు పడ్డయి. అంతేనా?"

"అంతే తాతా."

"గా గంప ఎత్తిపోసింది ఎవలో గూడ చెప్పు మరి," అన్నాడు పోతయ్య లేచి నిలబడి. "నేను మొదటి నుంచి అంటున్నది అదే గద. ఇప్పుడు సర్కారు మనిషే అంటున్నది."

నర్సమ్మ మంచి చెయ్యబోతే అది మెడకు చుట్టుకుంది. కళావతి ఆమె వంక చూసిన చూపులో కోపం లేదు. అలసట ఉంది, అంతే.

నర్సమ్మ మాట పోతయ్య మాటకు ఎదురు నిలుస్తుందని పగిడయ్య అనుకున్నాడు. అది పోయి పోతయ్య పక్కనే కూర్చుంది. ఇప్పుడు రెండు మాటలూ ఒకటే అంటున్నాయి, ఇద్దరిలో ఎవరూ అబద్ధాలాడే రకం కాదు. మరి లోపల ఏదో ముల్లు కలుక్కుమంటున్నదేం?

పంచాయితీ వేడెక్కినప్పుడు పగిడయ్యకు ఒక పద్ధతి ఉంది. కుండ పొంగుతుంటే చల్లనీళ్లు చిలకరించినట్టు, నడిమధ్య ఒక కోత కోస్తాడు. నిజమని ఎవరూ నమ్మరు, ఆయన కూడా నమ్మమనడు. నవ్వే లోపల మనుషులు కాస్త మెత్తబడతారు. ఆయన పెద్దరికమంతా అట్లా నెట్టుకొచ్చిందే. ఇంకో దారి తోచక ఇప్పుడూ అదే ఎత్తుకున్నాడు.

"కూసో పోతయ్యా, కూసో. ముందుగాల ఒక ముచ్చట ఇను. నీ అంత ఉన్నప్పుడు నేను భద్రాచలం రేవుల దిగి, చేపలకు మత్తెక్కించే మంగకాయ పొడి దోసెడంటే దోసెడు గోదాట్ల కలిపిన. చేపలు సరే, అవి ఎట్లయినా తేలినయి. ఇంత పొడుగు మొసలి, కల్లు దాగినోని లెక్క తూలుకుంట ఒడ్డుకొచ్చి, నా పక్కకు కూలబడి, 'మామా, సుట్టున్నదా' అన్నది. సగం ఇరిచి ఇచ్చిన. ఒట్టు."

పోతయ్య నవ్వలేదు కానీ కూర్చున్నాడు. వెనక నుంచి మాత్రం ఒక చిన్న గొంతు వినపడింది. ఆ గొంతు వనజది. తల్లి వీపు చాటున, ఇప్పపువ్వు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పో తాతా. పారే నీళ్లల్ల దోసెడు పొడికి ఏమైతది? చీమ గూడ తూలదు. అడ్డుకట్ట ఏసి మడుగు చేసినంకనే గద చేప తేలేది."

"ఊకో," అంది కళావతి.

"ఊకోమనకు," అన్నాడు పగిడయ్య.

ఆరిన చుట్ట నోట్లోంచి తీసి చెవి సందున పెట్టుకున్నాడు. ఆయన అట్లా చెయ్యడం గుంపులో ఎవరూ చూసి ఉండరు. "మళ్ల చెప్పు బిడ్డా. నిదానంగ చెప్పు."

వనజ బెదిరిపోయింది. "ఏం చెప్పాలె తాతా? అందరికి ఎరికనే గద. వాగు పారుతున్న కాడ మంగపొడి ఏస్తే చేపకు గింత మత్తెక్కుతది, మళ్ల ఈదుకుంట పోతది. కట్ట కట్టి నీళ్లు ఆపి ఏస్తే, అదే పొడికి అన్ని చేపలు తేలి పొట్ట పైకి తిప్పుతయి."

"పొడి అదే."

"అవ్. అదే పొడి."

పగిడయ్య లేచాడు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు నడిచాడు. చీకటి ఇంట్లో గోడ తడుముకుంటూ తలుపు వెతికేవాడిలా ఉంది ఆయన వాలకం. ఏదో చేతికి తగిలింది. తలుపో కాదో ఇంకా తెలియదు.

"సంత నుంచి ఎట్ల వచ్చినవ్ బిడ్డా?"

"ట్రాక్టరు మీద. ట్రాలీల."

"నీ పక్కకు ఎవలన్న దగ్గుకుంట ఉన్నరా?"

"ఒక చిన్న పోరడు. కండ్లు ఎర్రగుండె. వాళ్లమ్మ ఒళ్లె పండుకుండె."

"గాలి ఎట్లుండె?"

"మస్తుండె. జుట్టంత నోట్లకే వచ్చింది."

"పారే వాగు," అన్నాడు పగిడయ్య. ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత పోతయ్య వైపు తిరిగాడు. గొంతు మారింది. "నీ ఇంట్ల వనజ ఎన్ని దినాలు పండుకున్నది?"

"పోసిన కాడి నుంచి ఐదు దినాలు. ఆరోనాడు పువ్వు ఏరను పోయింది."

నా పిల్లలు ఎక్కడ పండుకున్నరని అడగరాదా అని పోతయ్య అనలేదు. అననక్కర లేకపోయింది. పగిడయ్యకు తెలుసు. ఆయన చెప్తేనే కదా వాళ్లు అక్కడ పండుకున్నది.

ఊటవాగు గుంపులో అమ్మ పోస్తే పెద్దమనిషి ఆ ఇంటి ముందు నిలబడి కట్టుబాటు చెప్పాలి. తాళింపు పెట్టొద్దు. కొత్త మనిషిని రానీయొద్దు. ఇవి అందరికీ తెలిసినవే. కాని ఈ కట్టుబాటుకు ఇంకో తోక ఉంది, అది పగిడయ్య తండ్రి నాటిది. అమ్మ ఇంటింటికీ తిరగకుండా, వచ్చిన ఇంట్లోనే మొక్కు తీర్చుకుని పోవాలంటే, ఆ ఇంటి పిల్లలందరినీ ఒక్క గదిలో, ఒక్క చాప మీద పండబెట్టి, తలుపు బిగించి, కిటికీకి గోనె కొట్టాలి. వనజకు పోసిననాడు గోనెకు మేకులు కొట్టింది పగిడయ్యే. సుత్తి కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. నలుగురు పిల్లలు, తలలు నాలుగూ ఒక్క దిండు మీద. వనజ దగ్గిన దగ్గంతా ఆ గదిలోనే ఉంది. పోవడానికి దానికి దారేది?

"నర్సమ్మా," అన్నాడు. "గాలి పారుతుంటే నీ పురుగులు కొట్టుకపోతయా?"

"చాలా మటుకు చెదిరిపోతాయి తాతా. మూసిన గదిలో అయితే గాల్లోనే నిలబడి ఉంటాయి. పీల్చినకొద్దీ లోపలికి పోతూనే ఉంటాయి."

"అయితే వనజ బరువు ఎవలూ తియ్యలే."

"దాని బరువు దానిదే. వీళ్ల బరువు వీళ్లది. ఒకరిది తీసి ఒకరికి పెట్టడం ఉండదు. ఒకరికి దోసెడు తగిలింది, ఇంకొకరికి మడుగే తగిలింది. మీరే చెప్పారు కదా."

"నేను చెప్పలే. మొసలి చెప్పింది," అన్నాడు పగిడయ్య. అలవాటు కొద్దీ అన్నాడు కానీ ఎవరూ నవ్వలేదు, ఆయనా నవ్వలేదు. చెట్టు వేరు మీద చతికిలబడ్డాడు.

పిల్లలు ముగ్గురూ ఏ చాప మీద పండుకున్నారో, ఎవరు పండబెట్టారో పోతయ్యకూ ఇప్పుడు కళ్లకు కడుతున్నది.

"అయితే నా బాలకృష్ణను మడుగుల ముంచింది ఎవలు పెద్దనాయినా?"

పగిడయ్య నోట్లో కోతలు వంద ఉండేవి. ఒక్కటీ అక్కరకు రాలేదు.

"కట్ట కట్టింది నేను. కళావతి కాదు. మేకులు నా చేత్తోనే కొట్టిన. ఎవలన్న గుంపు దాటాలంటే నేను దాటాలె."

గాలి లేదు. ఇప్పపువ్వు ఒకటి రాలి నర్సమ్మ మందుల డబ్బా మీద టప్పుమన్నది. పోతయ్య రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వాడికి కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇన్నాళ్లూ వదినె దొరికింది. ఇప్పుడు దొరికింది తండ్రి తర్వాత తండ్రి. ఆ కోపాన్ని ఎక్కడ దించాలో వాడికి తెలియలేదు.

"అంటే ఏంది నర్సమ్మా," అన్నాడు పగిడయ్య, చిన్నపిల్లవాడిలా. "అమ్మ రాలేదా? వచ్చిందా? నాకేం తెలుస్తలేదు. వస్తే, ఆమె గాలి చూసుకుని, కిటికీ చూసుకుని వస్తదా?"

"వచ్చింది అమ్మో, పురుగో, నాకు తగువొద్దు తాతా. ఎవరొచ్చినా సరే, ఆ కిటికీ తెరిచిపెట్టండి. జబ్బు పడ్డ పిల్లను వేరే పండబెట్టండి. పోతయ్య పిల్లలకు చుక్కలు పోయాలి, నన్ను లోపలికి పోనివ్వండి ముందు."

పోతయ్య లేచి ఇంటి వైపు దారి తీశాడు. వెనక నర్సమ్మ నడిచింది. కాసేపటికి ఇంట్లోంచి గోనెపట్టా పర్రుమని చిరిగిన చప్పుడు వినిపించింది. మేకులతో సహా పీకినట్టున్నాడు.

కథ ఇక్కడితో ఆగితే పగిడయ్యకు ఒక్క నింద, కళావతికి ఒక్క ఊరట మిగిలి, అందరూ ఇళ్లకు పోయేవాళ్లు. సరిగ్గా అప్పుడే రూప్‌సింగ్ మోటరు సైకిలు బుర్రుమంటూ వచ్చింది. రూప్‌సింగ్ తండా మనిషి, గుంపు గుంపుకూ తిరిగి ఇప్పపువ్వు కొంటాడు. పనిలో పనిగా కబుర్లు కూడా మోస్తాడు, వాటికి కిరాయి అడగడు.

"పెద్దమనిషీ," అన్నాడు బండి దిగకుండానే. "నీ కబురు నిన్న పొద్దుగాలనే నీ బిడ్డకు అప్పజెప్పిన. ఒక్క ముక్క తప్పలే."

పగిడయ్య లేచి నిలబడ్డాడు.

వాగవతల రాళ్లగుంపులో ఆయన కూతురు ముత్తక్క ఉంది. ఉమ్మడి కాపురం. తోటికోడళ్ల పిల్లలతో కలిపి ఇంట్లో ఏడుగురు పిల్లలు. మొన్న ఆమె పెద్దకొడుకు రమణకు తట్టు పోసిందనీ, ఏం చెయ్యమంటావనీ కబురు పెట్టింది. బాలకృష్ణను బండెక్కించిన గాభరాలో, ఇంకో ఇంట్లో ఇట్లా కావద్దని, పగిడయ్య కట్టుబాటు ఇంకా గట్టిగా చెప్పి పంపాడు.

"ఏమేం చెప్పినవ్ రూప్‌సింగూ?"

"నువ్వన్నదే. ఏడుగురిని ఒక్కింట్ల ఎయ్యాలె. కిటికీకి గోనె. తొమ్మిది దినాల దాక తలుపు తియ్యొద్దు. నేనున్నంగనే లోపట ఏసిన్రు పిల్లలను. చిన్నదానికి ఎనిమిది నెలలుంటయేమో, ఏడ్సుకుంట పోయింది. మరి ఇంకోటి గూడ అన్నవ్ గద, అది గూడ..."

"సాలు. బండి తిప్పు. జల్దీ."

పగిడయ్య ఎక్కాడు. ఆయన వెనక ఎవరో ఎక్కారు. తిరిగి చూస్తే కళావతి.

"నువ్వెందుకు?"

"నాకు చిన్నప్పుడే పోసింది మామా, మళ్ల రాదు. పడ్డ పిల్లగాణ్ని పక్కకు పండబెట్టుకోను ఒక మనిషి కావాలె గద." కొంగు నడుముకు దోపి అంది, "బరువులు మార్చేదాన్ని గద నేను. ఇప్పుడన్న మారుస్త."

దారిలో పగిడయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. నిన్న పొద్దున వేశారు. ఇవాళ పొద్దు వాలుతున్నది. ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పగలు. ఎన్ని దోసెళ్లయి ఉంటాయి? ఇప్పుడు తెరిస్తే ఎన్ని తగ్గుతాయి? నర్సమ్మను అడగాల్సింది. అడిగినా తనకు అర్థమయ్యేది కాదేమో. ఒక్కటి మాత్రం తెలుసు. కట్ట ఎంత ముందు తెగితే అంత మేలు.

ముత్తక్క ఇంటి తలుపుకు వేపమండలు గుచ్చి ఉన్నాయి. కిటికీకి గోనె ఆయన కొట్టినదానికన్నా నున్నగా కొట్టి ఉంది. లోపల పిల్లవాడు దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఆగాక పసిపిల్ల ఒకటి సన్నగా ఏడ్చింది.

"బిడ్డా ముత్తక్కా, తలుపు తియ్యి. నేను, నాయినను."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"నేనే బిడ్డా. కట్టుబాటు తప్పయింది. తియ్యి, పిల్లలకు గాలి తగలనియ్యి."

"ఎవలు?" అంది ముత్తక్క.

"నాయిననంటున్న గద. నీ చిన్నప్పుడు నీ ఎడమ కాలు మీద కుంపటి పడితే పసరు పూసింది ఎవలే? నేను గాదా?"

రూప్‌సింగ్ బండి స్టాండు వేస్తూ గొణిగాడు, "గదే పెద్దమనిషీ నేను చెప్పబోయింది. గా ఇంకో మాట."

తలుపు అవతల ముత్తక్క రెండు చేతులూ జోడించిన గాజుల చప్పుడు వినిపించింది.

"గది గూడ చెప్పి పంపిండు మా నాయిన. 'అమ్మ నా గొంతుతోనే వస్తది, నేనే మీ నాయిననని ఒట్టేస్తది, ఇంటి గుట్లన్ని దానికి ఎరికనే, తలుపు తీసినవో ఏడుగురిని ఎత్తుకపోతది' అని చెప్పిండు. నీకు మొక్కుతా. మా నాయిన మాట నేను జవదాటను. పో తల్లీ, పో."